పైన తోలెందుకు కాలింది? రొమ్ము క్యాన్సర్ రేడియేషన్‌లో చర్మం డోసు కొలవడం గురించి ఒక ప్రసంగం

అందరికీ నమస్కారం.

నేను డాక్టర్ని కాదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ప్రసంగం అవ్వగానే ఫైళ్లు, స్కానింగ్ ఫిల్ములు పట్టుకుని నా చుట్టూ చేరతారు, నేనేమో చదివి చెప్పలేను. (నవ్వులు) నేను మెడికల్ ఫిజిసిస్టుని. రేడియేషన్ మిషన్‌లోంచి ఎంత వస్తోంది, వచ్చింది ఒంట్లో ఎక్కడెక్కడ ఎంతెంత పడుతోంది, ఇది చూసుకోవడం నా ఉద్యోగం. ఇక్కడ ఇంత పడాలని డాక్టరుగారు రాస్తారు. అంత పడిందో లేదో తేల్చేది మేము.

ఇన్నేళ్ల సర్వీసులో రొమ్ము క్యాన్సర్‌కి రేడియేషన్ తీసుకుంటున్న ఆడవాళ్లు నన్ను అడిగే ప్రశ్న ఒకటి అసలు మారలేదు. మూడో వారంలోనో నాలుగో వారంలోనో అడుగుతారు. "కరెంటు లోపలికి కదా పెడుతున్నారు, మరి పైన తోలెందుకు కాలింది?" మనవాళ్లు రేడియేషన్ పెట్టించుకోవడాన్ని కరెంటు పెట్టించుకోవడం అంటారు. అది కరెంటు కాదు, తోలు కాలడమూ కాదు. కానీ ప్రశ్న మాత్రం నూటికి నూరుపాళ్లు సరైంది. ఇవాళ నేను చెప్పేదంతా దాని చుట్టూనే.

ముందు కాలడం సంగతి. డోసుని గ్రేలలో కొలుస్తాం. ఒక కిలో కండలో ఒక జౌలు శక్తి దిగితే అది 1 గ్రే. రొమ్ముకి మామూలుగా రోజుకి 2 గ్రేల లెక్కన 25 రోజులు, మొత్తం 50 గ్రేలు ఇవ్వడం పాత పద్ధతి. ఆ 2 గ్రేలు పడినప్పుడు ఒంటి వేడి ఎంత పెరుగుతుందో తెలుసా? 0.0005 డిగ్రీలు. మీ అరచెయ్యి తీసి గుండెల మీద పెట్టుకుంటే దానికన్నా ఎక్కువ వేడి తగులుతుంది. కాబట్టి కాలే ప్రసక్తే లేదు.

జరిగేది వేరు. చర్మంలో అడుగు వరసలో కొన్ని కణాలుంటాయి. వాటి పనల్లా విడిపోతూ పైకి కొత్త కణాల్ని పంపుతూ ఉండటం. పైన ఉన్నవి రోజూ రాలిపోతూనే ఉంటాయి, మనకి తెలియను కూడా తెలియదు. అడుగు నుంచి బయల్దేరిన కణం పైకొచ్చి రాలడానికి ఇంచుమించు నాలుగు వారాలు పడుతుంది. రేడియేషన్ ఈ అడుగు వరసని దెబ్బతీస్తుంది. అంటే పైన ఖర్చు మామూలుగానే ఉంది, కింద రాబడి పడిపోయింది. నిల్వ ఉన్నన్నాళ్లూ ఏమీ కనిపించదు. రెండు మూడు వారాలకి ఎర్రబడుతుంది, కమిలినట్టవుతుంది, పొలుసులు రాలతాయి. కొందరికి చంకలోనో రొమ్ము కింది మడతలోనో పైపొర ఊడి రసి కారుతుంది. సిట్టింగులన్నీ అయిపోయాక కూడా ఒకటి రెండు వారాలు ముదిరి, ఆ తర్వాతే తగ్గుముఖం పడుతుంది. "అయిపోయింది కదా, ఇంకా ఎందుకు పెరుగుతోంది" అని కంగారు పడి ఫోన్లు చేస్తారు. ఈ రాబడి ఖర్చుల లెక్క చెబితే సగం టెన్షన్ తగ్గుతుంది.

ఇప్పుడు అసలు విషయం. ఆ అడుగు వరస ఎంత లోతులో ఉంది? చోటుని బట్టి, మనిషిని బట్టి కాస్త మారుతుంది కానీ, ప్రపంచమంతా ఒప్పుకుని వాడుతున్న అంకె 0.07 మిల్లీమీటర్లు. మీ చేతిలో ఉన్న ఆహ్వానపత్రం కాగితం దాదాపు 0.1 మిల్లీమీటరు ఉంటుంది. అంటే కాగితం మందం కూడా లేదు. ఆ లోతులో ఎంత డోసు పడిందో మేం చెప్పాలి. నా బాధంతా ఈ 0.07తోనే.

కాస్త వెనక్కి వెళదాం. 1895 చివర్లో రాంట్జెన్ ఎక్స్‌రేలు కనిపెట్టాడు. ఏడాది తిరక్కుండానే వాటితో వైద్యం మొదలుపెట్టేశారు. కొలవడానికి సాధనం మాత్రం లేదు. మరి ఏంచేశారంటే చర్మాన్నే సాధనం చేశారు. చర్మం ఎర్రబడేంత డోసు, అదే కొలమానం. అంతర్జాతీయంగా ఒప్పుకున్న రాంట్జెన్ యూనిట్ 1928లో వచ్చింది. అందాకా, ఆ తర్వాత కొన్నాళ్లు కూడా, చర్మం ఎరుపే డాక్టర్లకి మీటరు. ఆ రోజుల మిషన్లలో అన్నిటికన్నా ఎక్కువ డోసు చర్మం మీదే పడేది. లోపలి గడ్డకి చాలినంత ఇవ్వాలంటే చర్మం తట్టుకోలేకపోయేది.

1951లో కెనడాలో రేడియోధార్మిక కోబాల్ట్‌తో కిరణాలిచ్చే కోబాల్ట్ మిషన్లు, 1953లో లండన్ హామర్‌స్మిత్ ఆసుపత్రిలో లినాక్, అంటే ఎలక్ట్రాన్లని వేగంగా తోసి ఎక్స్‌రేలు పుట్టించే మిషన్, వచ్చాక పరిస్థితి తిరగబడింది. ఈ ఎక్కువ శక్తి కిరణాలు చర్మాన్ని చాలావరకు వదిలేసి లోపల పడతాయి. ఎందుకు వదిలేస్తాయి? ఎక్స్‌రే దానంతట అదే పెద్దగా నష్టం చెయ్యదు. ఎలక్ట్రాన్లని కొట్టి ముందుకి తోస్తుంది. ఆ ఎలక్ట్రాన్లు పరిగెడుతూ దారిపొడవునా డోసు వదులుతాయి. ఒక ఊరేగింపుని ఊహించుకోండి. ఊరి మొదట్లో బయల్దేరినప్పుడు పదిమంది. ఒక్కో ఇంటి ముందూ ఇద్దరు ముగ్గురు వచ్చి కలుస్తారు. కొంతదూరం నడిచి అలిసినవాళ్లు ఆగిపోతుంటారు. ఒక చోటికి వచ్చేసరికి కలిసేవాళ్లూ ఆగేవాళ్లూ సమానమవుతారు, అక్కడ జనం కిక్కిరిసి ఉంటారు. కోబాల్ట్ కిరణానికి ఆ చోటు చర్మం నుంచి అర సెంటీమీటరు లోపల. 6 ఎంవీ లినాక్ కిరణానికి ఒకటిన్నర సెంటీమీటర్లు. ఎంవీ అంటే మెగావోల్టులు, కిరణం శక్తి ఎంతో చెప్పే అంకె. 10 ఎంవీకి దాదాపు రెండున్నర. చర్మమేమో మొదటి ఇల్లు. అక్కడ ఊరేగింపు ఇంకా పలచనే.

6 ఎంవీ కిరణం తిన్నగా, అడ్డేమీ లేకుండా పడితే చర్మం అడుగు వరసకి అందేది గరిష్ఠ డోసులో ఆరో వంతో ఐదో వంతో. బాగుంది కదా? కానీ ఒక్క మిల్లీమీటరు లోపలికి వెళ్లండి, అది రెట్టింపవుతుంది. రెండు మిల్లీమీటర్లకి దాదాపు సగానికి చేరుతుంది. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను. గుట్ట ఎక్కినట్టుంటుంది ఇక్కడ. అడుగు పక్కన వేస్తే అంకె మారిపోతుంది.

మరి ఐదో వంతే పడుతుంటే రొమ్ము మీద చర్మం ఎందుకు కములుతోంది? రొమ్ము ఉన్న చోటు అలాంటిది. కింద ఊపిరితిత్తి, ఎడమ పక్క అయితే గుండె. వాటి మీద పడకూడదు. అందుకని కిరణాన్ని ఎదురుగా కాకుండా పక్కనుంచి, ఛాతీని రాసుకుంటూ పోయేలా వేస్తాం. ఒకటి అటునుంచి, ఒకటి ఇటునుంచి. ఏటవాలుగా పడిన కిరణం చర్మం పొరలో ఎక్కువ దూరం ప్రయాణిస్తుంది. ఊరేగింపు ఊళ్లోకి తిన్నగా రాకుండా ఊరి అంచు వెంబడే నడిచిందనుకోండి, అంచు ఇళ్లవాళ్లకీ జనం బాగానే తగులుతారు. పైగా అటుపక్క కిరణం లోపలికి దూరే చోటు ఇటుపక్క దానికి బయటికొచ్చే చోటు. బయటికొచ్చేటప్పుడు ఊరేగింపు నిండుగా ఉంటుంది. ఈ రెండూ కలిసేసరికి రాసిన డోసులో సగం నుంచి ముప్పావు వంతు దాకా, కొన్ని చోట్ల ఇంకా ఎక్కువ, చర్మానికి అందుతుంది.

మడత దగ్గర అసలు చర్మమన్న లెక్కే పోతుంది. రొమ్ము కిందికి వాలి ఛాతీకి ఆనుకుంటే, ఆ మధ్యలో ఉన్న చర్మానికి పైన ఇంకో సెంటీమీటరు కండ ఉన్నట్టే కదా. ఊరేగింపు నిండిపోయాకే దాన్ని చేరుతుంది. పుండ్లు అక్కడే ఎందుకు పడతాయంటే చెమట, ఒరిపిడి కూడా కారణమే, కానీ డోసు కూడా కారణం.

ఇంకోవైపు చూడండి. రొమ్ము తీసేసినవాళ్లలో కొందరికి చర్మానికి డోసు కావాలి. క్యాన్సర్ కణాలు చర్మంలోనే, కుట్ల మచ్చ వెంబడే మిగిలి ఉండొచ్చని డాక్టరుకి అనుమానముంటే, చర్మాన్ని వదిలేసే లినాక్ సుగుణమే దోషమవుతుంది. అప్పుడు బోలస్ వేస్తాం. చూడటానికి జెల్లీలా, చాపలా ఉంటుంది, అర సెంటీమీటరో సెంటీమీటరో మందం. ఛాతీ మీద పరుస్తాం. ఊరేగింపు అందులోనే నిండిపోతుంది, కింద చర్మానికి పూర్తి డోసు పడుతుంది. అందుకే చర్మం డోసు కొలవడమంటే ఎక్కువ పడిందేమో అని భయపడటానికి మాత్రమే కాదు. తక్కువ పడితే రోగం తిరిగి రావచ్చు, అదింకా పెద్ద ముప్పు.

"కంప్యూటర్ లెక్క వేస్తుంది కదా, మళ్లీ కొలవడం దేనికి" అని కుర్ర ఫిజిసిస్టులు అడుగుతారు. వేస్తుంది, లోపల చాలా బాగా వేస్తుంది. కానీ అది ఒంటిని చిన్న చిన్న గళ్లుగా కోసి లెక్కవేస్తుంది. ఒక్కో గడి రెండు, రెండున్నర మిల్లీమీటర్లు. మనకి కావాల్సింది 0.07. స్కానింగులో చర్మం హద్దు ఎక్కడుందో గీసేది కూడా కంప్యూటరే, అది ఒక మిల్లీమీటరు అటో ఇటో జరిగితే ఇందాకటి గుట్ట మీద మన అడుగు జరిగినట్టే. మిషన్ తలలోంచి, గాలిలోంచి పుట్టుకొచ్చే దారితప్పిన ఎలక్ట్రాన్లు వేరే ఉంటాయి, వాటి లెక్క ఇంకా కష్టం. అందుకని చర్మం దగ్గర కంప్యూటర్ చెప్పేది 20 శాతం దాకా తప్పినా నేను ఆశ్చర్యపోను. తెరమీద రంగురంగుల చిత్రం మాత్రం చర్మం అంచుదాకా ఎంతో నమ్మకంగా కనిపిస్తుంది. ఆ నమ్మకం మీదే నా పేచీ.

సరే, కొలుద్దాం. దేనితో?

ఇదిగో, ఈ డబ్బా చూడండి. వెనకవాళ్లకి కనిపించదు, క్షమించాలి. ఇందులో ఉన్నది టీఎల్‌డీ చిప్పు. లిథియం ఫ్లోరైడ్, అందులో చిటికెడు మెగ్నీషియం, టైటానియం. 3 మిల్లీమీటర్ల పైచిలుకు పలక, మందం 0.89 మిల్లీమీటర్లు. పటికబెల్లం ముక్క చిన్నది విరిగిపడినట్టుంటుంది. దీన్ని పలచని కవర్లో పెట్టి చర్మానికి అతికిస్తాం. రేడియేషన్ పడ్డప్పుడు అందులో ఎలక్ట్రాన్లు ఇరుక్కుపోతాయి, అలాగే ఉండిపోతాయి. తర్వాత ల్యాబుకి తీసుకెళ్లి 300 డిగ్రీల దాకా వేడిచేస్తే ఇరుక్కున్నవి విడుదలవుతూ వెలుగు చిమ్ముతాయి. ఎంత వెలుగు వస్తే అంత డోసు. వేళ్లతో ముట్టుకోకూడదు, జిడ్డు అంటితే లెక్క మారుతుంది. గాలి పీల్చే పట్టకారుతో తీస్తాం. ఒకే డబ్బాలో పుట్టిన చిప్పులు కూడా ఒకేలా ఉండవు. ఒకటి కాస్త ఎక్కువ చెబుతుంది, ఒకటి తక్కువ. అందుకని ప్రతిదానికీ ముందే తెలిసిన డోసు ఇచ్చి, దాని స్వభావం రాసి పెట్టుకుంటాం. ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా ఒక నాలుగైదు శాతం అటూ ఇటూ ఉంటుందని ఒప్పుకోవాలి.

ఇప్పుడొక చిక్కు. చిప్పు మందం 0.89. లిథియం ఫ్లోరైడ్ నీటికన్నా రెండున్నర రెట్లు పైగా బరువు. అంటే చిప్పు నడిమధ్య, నీటి లెక్కలో, 1.2 మిల్లీమీటర్ల లోతుతో సమానం. మనం అడిగింది 0.07 దగ్గర ఎంత అని. అది చెప్పింది 1.2 దగ్గర ఎంత అని. గుట్ట గుర్తుందిగా? ఒక్క మిల్లీమీటరులో రెట్టింపు. తిన్నగా పడే కిరణంలో ఈ చిప్పు నిజంకన్నా రెట్టింపుకి పైగా చెబుతుంది, పాపం దాని తప్పేమీ లేకుండానే. చర్మం డోసు కొలిచామని చెప్పే రిపోర్టు ఏది చూసినా నేను ముందు వెతికేది అంకె కాదు, దేంతో కొలిచారు, దాని మందమెంత అన్నది. అది రాయకపోతే ఆ అంకె నాకు అర్థం కాదు.

దీనికో ఉపాయముంది, నాకు చాలా ఇష్టం. ఇవే చిప్పులు మూడు మందాల్లో దొరుకుతాయి. 0.15, 0.38, 0.89. మూడింటినీ పక్కపక్కన పెట్టి కొలవండి. నీటి లెక్కలో అవి 0.2, 0.5, 1.2 మిల్లీమీటర్ల లోతులో డోసులన్నమాట. మూడు చుక్కలు గ్రాఫు మీద పెట్టి, వాటి గుండా గీత గీసి, ఆ గీతని వెనక్కి 0.07 దాకా పొడిగించండి. చిప్పు వెళ్లలేని చోటికి గీత వెళుతుంది. పదో తరగతి గ్రాఫు కాగితం చాలు.

ఇంకో సాధనం ఫిల్ము. డార్క్‌రూములు, డెవలపర్లు ఏమీ అక్కర్లేదు. ఇదిగో, రేడియేషన్ తగలని ముక్క, లేతగా ఉంది. ఇది తగిలింది, దానంతట అదే ముదురెక్కింది. రెండు పాలియెస్టర్ పొరల మధ్య మందు పూత 0.028 మిల్లీమీటర్లే. పైన పొర కూడా కలుపుకుంటే కొలిచే లోతు దాదాపు 0.15. చిప్పుకన్నా చాలా నయం. కత్తెరతో కావాల్సిన ఆకారంలో కోసుకోవచ్చు, అదే దీని అసలు గొప్పతనం. చిప్పు ఒక చుక్క చెబుతుంది, ఫిల్ము పటం చూపిస్తుంది. తొందరపడితే మాత్రం పలకదు. రంగు స్థిరపడటానికి ఒక రోజు ఆగి స్కాన్ చేస్తాం. స్కానర్‌లో అడ్డంగా పెడితే ఒక అంకె, నిలువుగా పెడితే ఇంకో అంకె. అందుకని కోసేముందే మూలన బాణం గుర్తు వేసుకోవాలి. వేసుకోకుండా కోసి, నాలుగు ముక్కలు టేబుల్ మీద పరుచుకుని ఏది ఎటో తెలియక కూర్చున్న సాయంత్రాలు నాకున్నాయి.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. అల్యూమినియం ఆక్సైడ్ బిళ్లలున్నాయి, వేడి బదులు ఆకుపచ్చ వెలుగు వేస్తే నీలం వెలుగిచ్చి డోసు చెబుతాయి, మళ్లీ మళ్లీ చదవొచ్చు. మాస్‌ఫెట్ అని చిన్న ట్రాన్సిస్టర్ ఉంది, అప్పటికప్పుడు అంకె చెబుతుంది. ఆస్ట్రేలియాలో వొలన్‌గాంగ్ విశ్వవిద్యాలయం వాళ్లు మాస్కిన్ అనే రకం ప్రత్యేకంగా చర్మం కోసమే, సరిగ్గా 0.07 లోతులో కొలిచేలా తయారుచేశారు. డయోడ్లనే చిన్న సెన్సర్లు చాలా ఆసుపత్రుల్లో ఉంటాయి కానీ, వాటికి లోహపు టోపీ ఉంటుంది, లోపలి గరిష్ఠ డోసు చూడటానికి చేసినవి అవి. చర్మానికి పనికిరావు.

నా పొరపాటు ఒకటి చెప్పాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఒక ఆసుపత్రిలో, రొమ్ము పేషెంట్లకి చర్మం డోసు కొలిచే పని నాకిచ్చారు. చిప్పులు పెట్టడానికి నున్నగా, చదునుగా ఉన్న చోటు వెతుక్కున్నాను. రొమ్ము పైభాగం, మధ్యలో. టేపు బాగా అంటుకుంటుంది, ఊడదు, పేషెంటుకీ ఇబ్బంది ఉండదు. రీడింగులు ముచ్చటగా వచ్చాయి, ఏ రోజుకారోజు ఒకేలా. గ్రాఫు గీసి పెద్దాయనకి చూపించాను. నాలుగో వారంలో ఒకావిడకి రొమ్ము కింది మడత మొత్తం ఊడిపోయి, గుడ్డ తగిలినా ఓర్చుకోలేని స్థితికి వచ్చింది. పెద్దాయన నా గ్రాఫు తీసి, "మడత దగ్గర ఎంతుంది?" అన్నారు. అక్కడ నేను ఏమీ పెట్టలేదు. ఎందుకు పెట్టలేదంటే, అక్కడ టేపు నిలవదు.

ఆ తర్వాత మడతలో సన్నని ఫిల్ము పట్టీ పెట్టడం నేర్చుకున్నాను. సీల్ చేసిన పలచని కవర్లో, చెమట తగలకుండా. పెట్టినప్పుడు మడత తెరుచుకోకుండా చూసుకోవాలి, తెరుచుకుంటే మనం కొలిచేది మడత కాదు. ఫిల్ము వచ్చాక చూస్తే ఛాతీ మీద లేతగా మొదలై, మడత దగ్గరికొచ్చేసరికి ఒక వేలెడంత మేర ముదురు చార. ఆవిడకి పుండు పడిన చోటు నాకు గుర్తుంది. ఇలాంటి చార కనిపించిన పేషెంట్లకి పడుకునే పద్ధతి మార్చి, మడత తెరుచుకునేలా సర్దితే చాలావరకు లేతబడింది.

బోలస్ విషయంలోనూ ఇలాంటిదే. ఛాతీ చదునైన బల్ల కాదు. కుట్ల మచ్చ దగ్గర గుంటలుంటాయి, ఎముకల దగ్గర ఎత్తులుంటాయి. బోలస్ గుంట మీద వంతెనలా నిలబడుతుంది, కింద గాలి. రెండు మూడు మిల్లీమీటర్ల సందయితే పెద్ద తేడా రాదు. సెంటీమీటరు సందొస్తే, అందులోనూ కిరణం ఏటవాలుగా పడుతుంటే, చర్మం డోసు చెప్పుకోదగ్గంత తగ్గిపోతుంది. అదీ సరిగ్గా మచ్చ దగ్గర, ఎక్కడ పూర్తిగా పడాలో అక్కడే. ఇప్పుడు ఛాతీ ఆకారానికి తగ్గట్టు త్రీడీ ప్రింటర్లో బోలస్ అచ్చుపోస్తున్నారు, మంచిదే. అది లేనిచోట తడి గుడ్డ వాడినా, మెత్తటి షీటు వాడినా, కింద ఒక చిప్పు పెట్టి చూస్తే పోయేదేమీ లేదు.

కొలత వల్ల పోయిన ఒక అపోహ చెబుతాను. క్రీము రాసుకుని రాకూడదు, రాసుకుంటే డోసు పెరిగి తోలు కాలుతుంది అని పేషెంట్లకి ఏళ్ల తరబడి చెప్పాం. నేనూ చెప్పాను. 2018లో అమెరికాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వాళ్లు నిజంగా కొలిచి చూశారు. మామూలుగా రాసుకునేంత పలచగా రాస్తే చర్మం డోసు మారలేదు. 3 మిల్లీమీటర్లకి పైన, అంటే గోడకి సున్నం కొట్టినట్టు మందంగా మెత్తితేనే పెరిగింది. ఆలోచిస్తే తెలిసేదే, అది కూడా ఒక బోలసే కదా. కానీ మాలో చాలామందిమి అలా ఆలోచించలేదు. దురదతో అల్లాడుతున్నవాళ్లని గంటల తరబడి క్రీము లేకుండా ఉంచాం. మీ డాక్టరు చెప్పిన క్రీము, చెప్పినట్టు వాడండి. అంతే.

పద్ధతులు మారితే చర్మానికి ఎంత మేలో కూడా లెక్కలున్నాయి. కెనడాలో జరిగిన ఒక ట్రయల్ ఫలితాలు 2008లో వచ్చాయి. పాత పద్ధతిలో 47.8 శాతం మందికి రసి కారే పుండ్లు పడితే, డోసుని సమంగా పరిచే ఐఎంఆర్‌టీ పద్ధతిలో 31.2 శాతం మందికి పడ్డాయి. యంత్రం అదే, రాసిన డోసు అదే. ఎక్కువ తక్కువలు సర్దినందుకే అంత తేడా.

ఇప్పుడు సిట్టింగులు కూడా తగ్గాయి. 25 నుంచి 15కి వచ్చాం. 2020లో వచ్చిన బ్రిటన్ ట్రయల్ తర్వాత కొందరికి 5 సిట్టింగుల్లో, 26 గ్రేలతో, ఒక్క వారంలో ముగిస్తున్నారు. పేషెంటుకి ఎంత సుఖమో చెప్పక్కర్లేదు. కానీ మా పనిలో ఇది చిన్న మార్పు కాదు. 25 సిట్టింగులున్న రోజుల్లో మొదటివారం కొలిచి, తప్పుంటే రెండోవారం దిద్దుకునేవాళ్లం. ఐదు రోజుల వైద్యంలో ఒక్క రోజంటే ఐదో వంతు. చర్మం ఎరుపు కనిపించేసరికి వైద్యం ముగిసి, ఆవిడ ఇంటి దగ్గర ఉంటుంది. ఎర్రబడ్డాక చూద్దాంలే అనడానికి వీల్లేదు. కొలిస్తే మొదటి రోజే కొలవాలి.

ఎరుపు అంటే ఇంకోటి గుర్తొచ్చింది. చర్మం ఎంత పాడైందో గ్రేడు వేసే పట్టికల్లో మొదటి గుర్తు ఎరుపే. తెల్లటి చర్మాన్ని చూసి రాసిన పట్టికలవి. నల్లటి చర్మం మీద ఎరుపు కనపడదు. ఇంకాస్త నల్లబడుతుంది, బిగుసుకుంటుంది, వేడిగా తగులుతుంది. కంటితో చూసి "ఏమీ లేదు" అని రాసేసిన కేసులు నేను చూశాను. చిప్పుకి రంగు తెలియదు, అది దాని సుగుణం. అయితే కొత్తగా వస్తున్న ఒక పద్ధతికి ఈ చిక్కు తప్పలేదు. రేడియేషన్ పడేటప్పుడు ఒంట్లోంచి కంటికి ఆనని నీలపు వెలుగొకటి వస్తుంది, చెరెన్కోవ్ వెలుగు. అమెరికాలో డార్ట్‌మత్ పరిశోధకులు ప్రత్యేకమైన కెమెరాతో రొమ్ము వైద్యం జరుగుతుండగానే ఆ వెలుగుని ఫోటో తీశారు. ఏమీ అతికించక్కర్లేదు, కిరణం ఎక్కడ పడుతోందో బొమ్మలా కనిపిస్తుంది. అద్భుతమే. కానీ చర్మానికి రంగునిచ్చే మెలనిన్ ఆ వెలుగుని మింగేస్తుంది. నల్లటి చర్మం నుంచి తక్కువ వెలుగు వస్తే తక్కువ డోసు పడిందని అనుకునే ప్రమాదముంది. దాన్ని సరిదిద్దే పని నడుస్తోంది.

సమయం అయిపోతున్నట్టుంది. ప్రశ్నలుంటే అడగండి.

ప్రశ్న: సార్, మా అమ్మకి వచ్చే వారం మొదలుపెడుతున్నారు. ఇలా కొలవమని మేం అడగాలా?

అందరికీ అక్కర్లేదమ్మా. మామూలు కేసుల్లో అనుభవమున్న టీముకి చర్మం ఎలా ఉంటుందో అంచనా ఉంటుంది. బోలస్ వేస్తున్నప్పుడు, ఒకసారి రేడియేషన్ ఇచ్చిన చోటే మళ్లీ ఇస్తున్నప్పుడు, మడత బాగా లోతుగా ఉన్నప్పుడు కొలిస్తే మంచిది. వీటిలో ఏదైనా ఉంటే అడగండి, తప్పేం లేదు. అడిగినా అడక్కపోయినా అమ్మగారికి ఎక్కడ మంట పుడుతోందో రోజూ టెక్నాలజిస్టుకి చెప్పమనండి. చాలామంది ఆడవాళ్లు మడత సంగతి సిగ్గుపడి చెప్పరు, ఊడిపోయాక చెబుతారు.

ప్రశ్న: ఆ చిప్పు ఒంటికి అతికిస్తారు కదా, దాన్నుంచి రేడియేషన్ రాదా?

రాదు. అది పుచ్చుకునేదే కానీ ఇచ్చేది కాదు. చదివేశాక 400 డిగ్రీల దగ్గర ఒక గంట, 100 దగ్గర రెండు గంటలు కొలిమిలో పెడతాం, పాత జ్ఞాపకమంతా పోతుంది, మళ్లీ వాడతాం. ఊడి కిందపడితే మాత్రం దయచేసి చెప్పండి. ఒక పెద్దావిడకి పెట్టినప్పుడు బట్టలు మార్చుకునేచోట ఒకటి జారిపోయింది. నేనూ, ఇద్దరు టెక్నాలజిస్టులూ టార్చిలైట్లు వేసుకుని నేలంతా పాకాం. ఆవిడ అరగంట మమ్మల్ని చూసి, "ముక్కుపుడకా నాయనా?" అని అడిగింది. (నవ్వులు) ఆ చిప్పు నంబరు 17. ఇంతవరకూ దొరకలేదు.